మేక్‌మిలన్ బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా: ఏళ్ల తరబడి తిరగేశాక నా మాట

ముందే చెప్పేస్తున్నా, నేను మ్యాచ్ మొత్తం కూర్చుని చూసే రకం కాదు. క్రికెట్‌తో పెరిగి అమెరికా వచ్చినవాణ్ణి, నాకు బేస్‌బాల్ అంటే సమ్మర్‌లో టీవీలో ఓ పక్కన నడుస్తూ ఉండే ఆట, అంతే. అయినా లైబ్రరీ వాళ్లు పాత పుస్తకాలు అమ్ముతుంటే కొన్న ఈ లావుపాటి పుస్తకం మాత్రం ఏళ్లుగా మంచం పక్కనే ఉంది. మొదట 1969లో వచ్చింది. నాది 1996 నాటి పదో ఎడిషన్, ఆఖరిది కూడా అదే.

చదవడానికి ఇందులో కథలేం ఉండవు. ఆడిన ప్రతివాడి పేరూ, పుట్టిన ఊరూ, ఆ కింద సీజన్‌కో లైను అంకెలు. బేబ్ రూత్ లాంటి పెద్ద స్టార్లని నేనెప్పుడో దాటేశాను, నాకు కావాల్సింది ఒక్క లైనుతో సరిపెట్టుకున్నవాళ్లు. మూన్‌లైట్ గ్రాహం 1905లో న్యూయార్క్ జెయింట్స్‌కి ఒకే ఒక్క మ్యాచ్ ఆడాడు, బ్యాటింగ్ రాకుండానే అది అయిపోయింది, తర్వాత మిన్నెసోటాలో ఓ చిన్న ఊళ్లో డాక్టరుగా ఉండిపోయాడు. ఓ నవలా రచయిత ఇదే పుస్తకం తిరగేస్తూ ఆ పేరు చూసి పాత్రగా పెట్టుకుంటే, అది సినిమాకి కూడా ఎక్కింది. ఇంకొకడు ఎడ్డీ గేడెల్, ఎత్తు 3 అడుగుల 7 అంగుళాలు. 1951లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ ఓనరు జనాన్ని రప్పించడానికి ఇతన్ని బ్యాటింగ్‌కి దింపాడు, పిచ్చర్ (బంతి విసిరేవాడు) వేసిన నాలుగు బంతులూ పైనుంచే పోయాయి, అలా నాలుగు తప్పుబంతులు పడితే బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్ ఇచ్చేస్తారు కాబట్టి మనవాడు దర్జాగా అక్కడికి నడిచాడు. వెబ్‌సైట్‌లో ఇలాంటివాళ్లు దొరకాలంటే ముందు పేరు తెలిసుండాలి కదా, ఇక్కడ ఎవరి కోసమో వెతుకుతుంటే పక్కన తగులుతారు.

నా పెద్ద కంప్లయింట్ ఒకటే. ఆటగాడి లైన్లో ఊరు, లీగు పొట్టి అక్షరాల్లో ఉంటాయి తప్ప టీమ్ పేరు ఉండదు. అసలు మజా అక్కడే ఉంది! బ్రూక్లిన్ టీమ్‌లో కొందరు ఒకేసారి పెళ్లిళ్లు చేసుకుంటే బ్రైడ్‌గ్రూమ్స్ అన్నారు, రాబిన్సన్ మేనేజరుగా ఉన్నన్నాళ్లు రాబిన్స్, వీధుల్లో ట్రాలీలను తప్పించుకుంటూ తిరిగే ఊరి జనం మీద డాడ్జర్స్. పిట్స్‌బర్గ్ వాళ్లు 1891లో ఫిలడెల్ఫియా ఆటగాణ్ణి లాక్కుంటే దోపిడీ అని తిట్టారు, వాళ్లు ఆ తిట్టునే పైరేట్స్ అని తగిలించుకున్నారు. నాకు అన్నిటికంటే ఇష్టం 1899. క్లీవ్‌లాండ్ స్పైడర్స్ ఓనర్లే సెయింట్ లూయిస్ టీమ్ కూడా కొని, పేరుమోసిన పిచ్చర్ సై యంగ్‌తో సహా మంచివాళ్లందరినీ అక్కడికి పంపేశారు. ఇక్కడ మిగిలినవాళ్లు 20 గెలిచి 134 ఓడారు. అటు సెయింట్ లూయిస్ పేరేమో పర్ఫెక్టోస్, వచ్చిందేమో ఐదో స్థానం.

చిన్న లీగుల టీమ్‌లు ఇందులో ఉండవు, అది కొంచెం నిరాశే. కార్ల ఊరు లాన్సింగ్‌కి లగ్‌నట్స్ (చక్రాన్ని బిగించే నట్లు), టైర్ల ఊరు ఏక్రన్‌కి రబ్బర్‌డక్స్ లాంటి పేర్లు చూస్తే పెద్ద లీగువాళ్లు మరీ పద్ధతిగా అనిపిస్తారు.

ఇక మైనస్‌లు. చీమల బారులాంటి అక్షరాలు, పడుకుని చదివితే ఛాతీ మీద బరువు. పైగా లెక్కలు 1995 సీజన్‌తో ఆగిపోయాయి. కెరీర్ బ్యాటింగ్ యావరేజ్‌లో (క్రికెట్‌లోలా పరుగులది కాదు, బ్యాటింగ్ ఛాన్సుల్లో ఎన్ని హిట్లో ఆ లెక్క) ఇందులో ఇంకా టై కాబ్ దే పైచేయి. 2024లో నీగ్రో లీగ్స్ (పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజుల్లో నల్లజాతి ఆటగాళ్లు ఆడిన లీగులు) రికార్డులు అధికారిక లెక్కల్లో కలిశాక ఆ స్థానం .372తో జోష్ గిబ్సన్‌ది. కాబట్టి పందెం తేల్చుకోవడానికైతే దీన్ని నమ్మకండి, ఫోన్ తీయండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే మాత్రం ఏ ఎడిషనో, బైండింగ్ గట్టిగా ఉందో లేదో చూసుకోండి, నాది మధ్యలో రెండు ముక్కలై టేపు మీద బతుకుతోంది. నాలుగు స్టార్లు.