జాగ్రత్త: రిఫండ్ గడువు దాటాకే ఈ గేమ్ అసలు రూపం బయటపడుతుంది

పండగ డిస్కౌంట్‌లో ఒక టూడీ ప్లాట్‌ఫార్మర్ (ఒక దిమ్మె మీంచి ఇంకోదాని మీదికి దూకుతూ ముందుకెళ్లే వీడియో గేమ్) కొన్నాను. దాని పేరు రాయడం లేదు. ఇలాంటివి ఇంకా చాలా అమ్ముతున్నారు కాబట్టి, కొనేముందు దేన్ని చూసి అనుమానపడాలో చెప్తాను.

మొదటి రెండు వరల్డ్‌లకు (వరల్డ్ అంటే కొన్ని లెవెల్స్ గుంపు) వంక పెట్టడానికి లేదు. బొమ్మలు, మ్యూజిక్, జంప్ అన్నీ హాయిగా ఉన్నాయి. మూడో వరల్డ్‌లో కాలు పెట్టగానే కూలిపోయే ప్లాట్‌ఫాంలు మొదలయ్యాయి, అక్కడితో ఆట చచ్చింది. ఆ ప్లాట్‌ఫాం ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఒకసారి నిలబడి చుట్టూ చూసుకునేంత టైమ్ ఇస్తుంది. అదే ప్లాట్‌ఫాం మరోసారి కాలు తగిలీ తగలకముందే పోతుంది. టీవీ ఆలస్యంగా చూపిస్తోందేమోనని దాని గేమ్ మోడ్ (ఆ ఆలస్యాన్ని తగ్గించే సెట్టింగ్) ఆన్ చేసి చూశాను, కంట్రోలర్‌కి వైరు తగిలించి చూశాను. తేడా లేదు. చివరికి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే అసలు సంగతి తెలిసింది. ప్లాట్‌ఫాం బొమ్మ ఇంకా అక్కడే కదలకుండా ఉంది, మన క్యారెక్టర్ మాత్రం దానిలోంచి కిందికి దూరిపోతున్నాడు. బొమ్మ మాయం కాకముందే దాని కింద ఉండాల్సిన ఆధారం తీసేస్తున్నారన్నమాట. దీన్ని కష్టం అనరు, ప్రోగ్రామింగ్ తప్పు అంటారు.

సపోర్ట్‌కి రాస్తే 'పాతకాలపు ఆటల కష్టాన్ని కావాలనే పెట్టాం' అని జవాబొచ్చింది. నాకు బాగా కోపం తెప్పించింది ఈ మాటే. పాతకాలపు ఆటలు ఇలా లేవు. 1988లో జపాన్‌లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 3లో డోనట్ లిఫ్ట్‌లు అనే దిమ్మెలు ఉంటాయి. వాటి మీద కాసేపు నిలబడితేనే పడతాయి, ఆలోపు దూకేస్తే ఉన్నచోటే ఉంటాయి. 1991 నాటి సోనిక్ మొదటి ఆటలో, గ్రీన్ హిల్ జోన్‌లోనే కూలే అంచులు ఎదురవుతాయి. అవి కాస్త ఆగి, ముక్కలు ముక్కలుగా రాలతాయి. ఆ కాస్తలో అవతలికి దూకొచ్చు. కింద పడితే తప్పు మనదేనని మనకే తెలుస్తుంది, అందుకే మళ్లీ ఆడాలనిపిస్తుంది.

ఈ కాలంలో చూడాలంటే 2018లో వచ్చిన సెలెస్ట్ ఉంది. చాలా కష్టమైన ఆట. కానీ అందులో కూలే దిమ్మెలు ముందు వణికి హెచ్చరిస్తాయి, పోయాక కొద్దిసేపటికి మళ్లీ వస్తాయి. చచ్చిపోతే అదే గది మొదట్లో వెంటనే లేస్తాం. అంచు దాటిన తర్వాత కూడా కొన్ని ఫ్రేమ్‌ల పాటు (ఫ్రేమ్ అంటే తెర మీద వరసగా మారే ఒక్కో బొమ్మ) జంప్ బటన్ పనిచేస్తుంది, దాన్నే కయోటీ టైమ్ అంటారు. ఆటను తేలిక చేసే అసిస్ట్ మోడ్‌లో ఆట వేగాన్ని సగానికి తగ్గించుకోవచ్చు కూడా. నేను కొన్నదాంట్లో వీటిలో ఒక్కటీ లేదు. పైగా కూలిన ప్లాట్‌ఫాం తిరిగి రాదు. కింద ముళ్లు లేని చోట పడితే చావం, పైకీ వెళ్లలేం, మెనూలోకి పోయి లెవెల్ మొదటినుంచి పెట్టుకోవాల్సిందే.

కాస్త లెక్క కూడా చూడండి. సెకనుకు 60 ఫ్రేమ్‌లతో నడిచే ఆటలో ఒక్కో ఫ్రేమ్ సుమారు 16.7 మిల్లీసెకన్లు. కళ్లతో చూసి బటన్ నొక్కడానికి మామూలు మనిషికి దాదాపు పావు సెకను, అంటే 15 ఫ్రేమ్‌లు పడుతుంది. అంతకంటే ముందే, ఏ సూచనా లేకుండా పడిపోయే ప్లాట్‌ఫాంని చూసి తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. గుర్తుపెట్టుకుని దూకాలి. పడే టైమ్ ప్రతిసారీ మారుతుంటే గుర్తుపెట్టుకున్నా లాభం లేదు.

ఇక డబ్బుల సంగతి. నేను కొన్న స్టోర్ 'ఎక్కువసేపు ఆడేశారు' అని రిఫండ్ ఇవ్వలేదు. మూడో వరల్డ్ చేరాలంటేనే అంతసేపు ఆడాలి మరి! కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కొనేవాళ్లకు మామూలు నియమం ఇదీ: కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకుండా అడగాలి. అందుకని ఆ రెండు గంటల్లో నిదానంగా నాణేలు ఏరుకుంటూ కూర్చోకండి, వీలైనంత ముందుకు వెళ్లిపోండి. కూలే ప్లాట్‌ఫాం కనిపించగానే దాని మీద ఊరికే నిలబడండి. పడ్డాక మళ్లీ అక్కడికే వెళ్లి నిలబడండి. ప్రతిసారీ ఒకేలా పడుతోందా, పడేముందు వణుకుతోందా, తిరిగి వస్తోందా అని చూస్తే చాలు.

కొనకముందే తెలుసుకోవాలంటే ట్రైలర్‌ని నమ్మకండి, అందులో మొదటి వరల్డే ఎక్కువ కనిపిస్తుంది. స్టీమ్ రివ్యూల పక్కన ఆ మనిషి ఎన్ని గంటలు ఆడాడో ఉంటుంది. గంటలోపే ఆడి పొగిడినవాటిని పక్కనపెట్టి, ఎక్కువ గంటలు ఆడినవాళ్ల ఫిర్యాదులు చదవండి. అచీవ్‌మెంట్ల (ఆటలో ఒక్కో ఘట్టం దాటితే ఇచ్చే గుర్తింపుల) పేజీలో ఒక్కోటి ఎంత శాతం మంది సాధించారో అందరికీ కనిపిస్తుంది. రెండో వరల్డ్ పూర్తిచేసినవాళ్లు బోలెడుమంది ఉండి, మూడో వరల్డ్ దగ్గర శాతం ఒక్కసారిగా పడిపోయిందంటే అక్కడేదో తేడా ఉన్నట్టే. ఒక్కరిద్దరి మాటకంటే ఆ అంకె నమ్మదగినది. యూట్యూబ్‌లో ఎవరైనా కట్ చేయకుండా పెట్టిన గేమ్‌ప్లే దొరికితే నేరుగా మధ్య లెవెల్స్‌కి వెళ్లి చూడండి.

ఇప్పటికే ఇలాంటిది కొని ఇరుక్కున్నవాళ్లు సపోర్ట్‌కి ఉత్త మాటలు రాయకండి. సెకనుకు 240 ఫ్రేమ్‌ల స్లో మోషన్ ఉన్న ఫోన్‌తో తెరనీ, కంట్రోలర్ మీద మీ వేలినీ ఒకే వీడియోలో వచ్చేలా తీసి జతచేయండి. బొమ్మ ఉండగానే కాలు దూరిపోయిన క్షణం ఏ సెకను దగ్గరుందో కూడా రాయండి.