వైజాగ్ కాలనీ నుంచి సోమశిల దాకా, ఒక డబ్బా స్ప్రేతో

గుడారం మీద పోసిన నీరు తామరాకు మీది బొట్టులా జారిపోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. బయలుదేరే ముందు రోజు మా డాబా మీద పాత గుడారానికి నీటిని జార్చే స్ప్రే కొట్టి, ఆ వేడుక చూసి తెగ మురిసిపోయాను. ఆ మురిపెం మర్నాటి అర్ధరాత్రి దాకా కూడా నిలవలేదు.

మా గుడారం ఆరేళ్ళ పాతది. పాలిస్టర్ బట్ట, లోపలివైపు నీటిని ఆపే పాలియురెథేన్ అనే ప్లాస్టిక్ పూత. పైవైపు నీటిని జార్చే పూత ఒకటి ఉండేది కానీ ఎండకూ దుమ్ముకూ అది ఎప్పుడో పోయింది. అది పోయిందని తెలుసుకోవడం తేలికే. వాన పడగానే బట్ట రంగు ముదిరి, తడిసిన పంచెలా బరువెక్కి వేలాడుతుంది. స్ప్రే తిరిగి ఇచ్చేది ఈ పైపూతనే. అంతకు మించి ఏమీ చేయదని నాకు అప్పటికి తెలియదు.

నీటి ఆధారంగా చేసిన, ఫ్లోరిన్ రసాయనాలు లేని రకం కొన్నాను. వెనుకటి స్ప్రేలలో వాడిన పీఎఫ్ఓఎస్ జాతి ఫ్లోరిన్ రసాయనాలు మట్టిలోనూ నీటిలోనూ విరిగిపోకుండా పేరుకుపోతాయి. త్రీఎం కంపెనీ వాటి తయారీని ఆపేస్తున్నట్టు 2000లో ప్రకటించింది. మేము వెళ్ళేదేమో నాగార్జునసాగర్ వెనుక జలాల ఒడ్డుకు. ఆ నీళ్ళే అక్కంపల్లి జలాశయం మీదుగా హైదరాబాదు కుళాయిల్లోకి వస్తాయి. తాగే నీళ్ళలో మనమే మందు కలపడమెందుకు?

పని పెద్దదేమీ కాదు. గుడారాన్ని చన్నీళ్ళతో, స్పాంజితో తుడిచాను. సబ్బుపొడి వాడలేదు, దాని జిడ్డు మిగిలితే అదే నీటిని పట్టుకుంటుంది. తడి ఉండగానే జానెడు దూరం నుంచి స్ప్రే కొట్టి, రెండు నిమిషాలు ఆగి, మిగిలిన మందును పాత బనియన్‌తో అద్దేశాను. అలా అద్దకపోతే తెల్లటి మచ్చలు పడతాయి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలి ఆడేచోట చేయడం మంచిది.

మొదటి రాత్రి వైజాగ్ కాలనీలో. దేవరకొండ దగ్గర, నేరెడుగొమ్ము మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. విశాఖ వైపు నుంచి చేపల వేటకు వచ్చి స్థిరపడినవారి వల్లే ఆ పేరు వచ్చిందంటారు. చేపల వేపుడు కోసమే అయినా ఇక్కడికి రావచ్చు. కళ్ళెదుటే కోసి, కారం పట్టించి, పెనం మీద వేస్తారు. మరుగుదొడ్డి సౌకర్యం మాత్రం అడగకండి. నేల గులకరాళ్ళమయం, మేకులు రెండంగుళాలు దిగి మొండికేశాయి. చివరికి తాళ్ళను బండరాళ్ళకే కట్టాం.

గుడారం కింద పరచడానికి నగరంలోని ఒక అద్దె దుకాణం నుంచి నీలిరంగు పట్టా తెచ్చుకున్నాం. ‘దీనికి కూడా స్ప్రే కొట్టించాం సార్’ అని దుకాణం ఆయన గొప్పగా చెప్పాడు. పాలిథిన్ పట్టాకు స్ప్రే ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అది ప్లాస్టిక్, దానంతటదే నీటిని ఆపుతుంది, మందు దానికి అంటదు కూడా. కారేది మడతల దగ్గర పడ్డ చిల్లుల్లోంచి, తాడు కట్టే కన్నాల దగ్గర. వాటికి అతుకు వేయాలి గానీ అత్తరు చల్లినట్టు చల్లితే ఏం లాభం?

పట్టా గుడారం కన్నా పెద్దది. నాలుగు వైపులా మూరెడు బయటికి పరిచి, చెప్పులు పెట్టుకోవడానికి బాగుంటుందని సంతోషించాం. చేపలు వేయించే పెద్దావిడ అటుగా వెళుతూ ఆగి చూసింది.

“అంచు లోపలికి మడవండి బిడ్డా. వడ్ల రాశి కింద పట్టా ఇలా పరిస్తే కింది గింజలన్నీ మొలకెత్తుతాయి.”

మేము నవ్వి ఊరుకున్నాం.

పదకొండింటికి వాన మొదలైంది. పైన బట్ట మీద నీరు ముత్యాల్లా దొర్లిపోతోంది, స్ప్రే మాట నిలబెట్టుకుంది. అలా దొర్లిన నీరంతా ఆ మూరెడు పట్టా మీద పడి, వాలు చూసుకుని నేరుగా మా వీపుల కిందికి చేరింది. గంటలో గుడారం అడుగు నీటిపరుపులా ఊగింది. అడుగు బట్ట మీద మోకాలు ఆనిస్తే చాలు, అక్కడ చెమ్మ ఊరుతోంది. గుడారాల మీద 1500, 3000 మిల్లీమీటర్లని రాస్తారే, ఆ బట్ట అంత ఎత్తు నీటి స్తంభం బరువుకు కారకుండా ఆగుతుందని దాని అర్థం. ఆరేళ్ళు వాడిన బట్టను మోకాలితో నొక్కినప్పుడు ఆ అంకెను నమ్ముకోకూడదు.

వాన వెలిసినా నెత్తిన చుక్కలు ఆగలేదు. జల్లు భయంతో గాలి కిటికీలన్నీ మూసేశాం. ఇద్దరి ఊపిరి, కింద తడి నేల, పక్కన నది. టార్చి వేసి చూస్తే పైకప్పు లోపలివైపు అంతటా సన్నటి చెమట పట్టి ఉంది.

“నీ స్ప్రే గట్టిదే బావా, లోపలి నీళ్ళను బయటికి పోనివ్వడం లేదు” అన్నాడు మా బావమరిది.

పొడి గుడ్డతో తుడిచి పది నిమిషాలు కూర్చున్నాం. అంతటా సమానంగా మళ్ళీ పడితే అది మన ఊపిరే. కుట్టు వెంబడి గీతలా పడితే అది వాన. మాకు రెండూ ఉన్నాయి! కుట్ల మీది టేపు రెండుచోట్ల ఊడి వేలాడుతోంది. సూది చేసిన రంధ్రాన్ని స్ప్రే పూడ్చలేదు. దానికి వేరే జిగురు ఉంది. పాలియురెథేన్ పూత ఉన్న బట్టకు పాలియురెథేన్ రకం, సిలికాన్ పూత ఉన్న బట్టకు సిలికాన్ రకం. ఒకదానిది మరొకదానికి అంటదు.

తెల్లారాక దిండి, అచ్చంపేట మీదుగా సోమశిలకు బయలుదేరాం. దారిలో ఉమామహేశ్వరం గుడి దగ్గర ఆగాం. కొండ బండ కింద నీరు ఊరే పాపనాశనం దగ్గర నిలబడి మా బావమరిది నావైపు ఒక చూపు చూశాడు. మాట మాత్రం అనలేదు.

సోమశిల చుట్టుపక్కల ఒక ప్రైవేటు శిబిరంలో గుడారాలు చూశాం. ‘ఏటా స్ప్రే చేయిస్తాం’ అన్నారు. లోపల తల పెడితే పుల్లటి వాసన. పైకప్పును వేలితో రాస్తే తెల్లటి పొట్టు రాలింది, మిగిలింది జిగటగా అంటుకుంది. తేమకు లోపలి పూత కుళ్ళిపోయిందన్నమాట. ఆ దశకు వచ్చిన గుడారానికి పైన డబ్బాలకు డబ్బాలు కొట్టినా వృథా. మర్యాదగా నమస్కారం పెట్టి వచ్చేశాం.

ఆ రాత్రి సోమశిలలో పర్యాటక శాఖ వారి హరిత బసలో గది తీసుకున్నాం. ఎదురుగా కృష్ణ, పక్కా పైకప్పు, వేడినీళ్ళు. వసారాలో గుడారం ఆరబెట్టుకుంటామంటే అక్కడి కుర్రవాడు తానే తాడు కట్టి ఇచ్చాడు. కుటుంబంతో వచ్చేవారికి నా ఓటు దీనికే. లలితా సోమేశ్వరాలయం దగ్గరలోనే ఉంది. శ్రీశైలం లాంచీ నీరు నిండుగా ఉన్న కాలంలోనే నడుస్తుంది, ముందే కనుక్కుని వెళ్ళండి.

నది ఒడ్డున నిద్ర కోసమైతే మాత్రం వైజాగ్ కాలనీకే మళ్ళీ వెళతాను. కుట్లకు జిగురు పూయడం మొన్న ఆదివారంతో అయిపోయింది. పట్టాను దుకాణంలో తిరిగి ఇచ్చేసి, సొంతంగా ఒకటి కొని, గుడారం కన్నా నాలుగంగుళాలు తక్కువగా కత్తిరించాను. పెద్దావిడకు చూపించాలి.