ఎక్సెల్ యూజర్‌ఫామ్‌లు: ఏళ్ల తరబడి వాడాక

ఎక్సెల్ 97తో వచ్చిన ఈ యూజర్‌ఫామ్‌లు, అంటే వీబీఏతో (ఎక్సెల్‌లోనే ఉండే ప్రోగ్రామింగ్ భాష) మనమే తయారుచేసుకునే ఫామ్‌లు, ఇప్పటికీ అదే బూడిదరంగు పెట్టెతో, అవే పాతకాలపు బటన్లతో ఉంటాయి, కాబట్టి అందం కావాలనుకునేవాళ్లు ఇటు రాకపోవడమే మంచిది. కానీ వేల వరసలున్న షీట్‌ని ఎవరూ నేరుగా కెలక్కుండా, ఐడీ కొడితే ఆ కస్టమర్ వివరాలు ఒక ఫామ్‌లో, బటన్ నొక్కితే అతని పాత ఆర్డర్లు ఇంకో ఫామ్‌లో కనిపించాలంటే నేను ఇప్పటికీ దీన్నే వాడుతున్నాను.

డేటా వెతకడానికి చాలామంది వీలుకప్ (VLOOKUP, ఒక విలువని వెతికి, అదే వరసలో మనం చెప్పిన నంబరు కాలమ్‌లో ఉన్నది తెచ్చే ఫంక్షన్) పట్టుకుంటారు. పేరు బాక్సుకో వీలుకప్, ఫోన్ బాక్సుకో వీలుకప్, ఊరికి ఇంకోటి. షీట్ మధ్యలో ఎవరో ఒక కాలమ్ చేర్చారంటే పేరు ఉండాల్సిన చోట ఫోన్ నంబర్ కూర్చుంటుంది. దానికన్నా అప్లికేషన్.మ్యాచ్‌తో (Application.Match) వరస నంబరు ఒక్కసారి పట్టుకుని, కాలమ్‌లని హెడింగ్ పేరుతో వెతికి, ఆ వరసలోంచే అన్ని బాక్సులూ నింపుకోవడం హాయి. మ్యాచ్‌లో మూడో ఆర్గ్యుమెంట్ సున్నా ఉండాల్సిందే, లేకపోతే దగ్గర్లో ఉన్న ఎవరిదో వరస తెచ్చిపెడుతుంది, అదీ కిక్కురుమనకుండా. ఇంకోటి, ఇదే ఫంక్షన్‌ని వర్క్‌షీట్‌ఫంక్షన్ ద్వారా పిలిస్తే ఐడీ దొరకనప్పుడు 1004 ఎర్రర్‌తో కోడ్ ఆగిపోతుంది. అప్లికేషన్ ద్వారా పిలిస్తే ఎర్రర్ విలువ చేతికిస్తుంది, ఈజ్‌ఎర్రర్‌తో చూసుకుని "ఈ ఐడీ లేదు" అని మర్యాదగా చెప్పొచ్చు.

అన్నిటికన్నా జుట్టు పీక్కునేది మాత్రం ఐడీ కళ్లెదురుగా ఉన్నా దొరకలేదనడం. టెక్స్ట్‌బాక్స్‌లో కొట్టింది ఎప్పుడూ టెక్స్టే, షీట్‌లో ఉన్నది నంబర్, రెంటికీ పొత్తు కుదరదు. సీలాంగ్‌తో (CLng) నంబరుగా మార్చి వెతికితే సరిపోతుంది, కాకపోతే కొట్టింది నంబరేనా అని ముందు ఈజ్‌న్యూమరిక్‌తో ఒకసారి చూసుకోవాలి.

రెండు ఫామ్‌లని కలిపేటప్పుడు వరస నంబర్‌ని పంపడం నాకు నచ్చదు. మధ్యలో షీట్ సార్ట్ అయినా, ఒక వరస డిలీట్ అయినా రెండో ఫామ్ వేరే మనిషి ఆర్డర్లు చూపిస్తుంది, చూసేవాళ్లకి అనుమానం కూడా రాదు. ఐడీనే పంపి, రెండో ఫామ్‌లో మళ్లీ వెతికించడమే క్షేమం, ఆ కాస్త ఆలస్యం ఎవరికీ తెలియదు. మొదటి ఫామ్‌ని అన్‌లోడ్ చేస్తే అందులో కొట్టినవన్నీ పోతాయి, తిరిగి దానికే రావాలంటే హైడ్ చేయాలి.

ఆర్డర్లు చూపించే లిస్ట్‌బాక్స్ దగ్గర కొంచెం ఓపిక కావాలి. యాడ్‌ఐటమ్‌తో ఒక్కో వరసా చేరుస్తూ నింపితే 10 కాలమ్‌లు దాటవు, ఎక్కువ కావాలంటే డేటాని అర్రేలో (మెమరీలో ఉండే పట్టిక) పోసి ఒకేసారి లిస్ట్‌కి ఇవ్వాలి, వేగం కూడా అందులోనే ఎక్కువ. పైన హెడింగులు రావాలంటే మాత్రం రోసోర్స్ (లిస్ట్‌ని నేరుగా షీట్‌లోని సెల్స్‌కి కట్టే సెట్టింగ్) తప్ప గతి లేదు. ఇది ఎందుకలా పెట్టారో నాకిప్పటికీ అంతుపట్టదు, నేనైతే పైన లేబుళ్లు పెట్టి సర్దుకుపోతున్నాను.

బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లోగానీ ఫోన్‌లోగానీ ఇవేవీ నడవవు, మీ టీమ్ అక్కడే పనిచేస్తుంటే దీని జోలికి వెళ్లకండి. విండోస్‌లో కూడా ఫైల్ మెయిల్‌లో పంపితే మాక్రోలు (ఫైల్‌లోని వీబీఏ కోడ్) బ్లాక్ అయ్యాయని చాలాసార్లు చూపిస్తుంది, అప్పుడు ఫైల్‌ని సేవ్ చేసి, రైట్ క్లిక్‌లో ప్రాపర్టీస్‌కి వెళ్లి అన్‌బ్లాక్ టిక్ పెట్టమని అవతలివాళ్లకి ముందే చెప్పి పంపండి.