లండన్, నీస్, పారిస్: ప్రైవేటు జెట్టూ బ్రెగ్జిట్ రూల్సూ

పెదనాన్న షష్టిపూర్తికి ఇంటిల్లిపాదీ లండన్ నుంచి ఫ్రాన్స్ వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులతో ఆయన పెద్ద ఎయిర్‌పోర్టుల్లో నడవలేరు, అందుకే అన్నయ్య ప్రైవేటు జెట్ మాట్లాడాడు. ఏర్పాట్లన్నీ నేనే చూశాను.

అన్నిటికంటే ఎక్కువ బుర్ర పెట్టాల్సింది ఏ దేశపు కంపెనీని తీసుకోవాలన్న దాని మీదే. హైదరాబాద్ నుంచి బాబాయి వాళ్ళు ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్‌లో మాతో కలిసి, అక్కణ్ణుంచి అందరం పారిస్ వెళ్ళాలి. మొదట అడిగిన బ్రిటిష్ కంపెనీ నీస్ దాకా సరేగానీ నీస్ నుంచి పారిస్‌కి తీసుకెళ్ళలేమంది. కారణం బ్రెగ్జిట్, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బయటికి రావడం. 2020 డిసెంబరు 31 దాకా బ్రిటిష్ విమానాలు యూరప్‌లో ఏ ఊరి నుంచి ఏ ఊరికైనా డబ్బు తీసుకుని జనాన్ని తిప్పేవి. ఇప్పుడు ఫ్రాన్స్ లోపల ఒక ఊళ్ళో ఎక్కించుకుని ఇంకో ఊళ్ళో దింపే హక్కు వాటికి లేదు. బ్రిటన్ అనుమతి కూడా ఉన్న ఫ్రెంచి కంపెనీ అయితే లండన్-నీస్, నీస్-పారిస్, పారిస్-లండన్ మూడూ నడపొచ్చు. మేం అదే తీసుకున్నాం. ఇలాంటి ట్రిప్పు వేసేవాళ్ళు రేటు కంటే ముందు ఈ సంగతి అడగండి.

లండన్ దగ్గర మేం విమానం ఎక్కిన ఫార్న్‌బరో నాకు చాలా నచ్చింది. బిజినెస్ జెట్ల కోసమే నడిచే ఎయిర్‌పోర్టు. కారు దిగి విమానం మెట్లెక్కేదాకా పెదనాన్న నడిచింది మా హాలంత దూరమే. సామాను దగ్గరి అమ్మాయి తినేవి ఏమున్నాయని అడిగి, పెరుగు డబ్బా, పెద్దమ్మ కాచిన నెయ్యి, కరివేపాకు తీయించింది. బ్రిటన్ ఇప్పుడు ఈయూకి బయటి దేశం కాబట్టి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. ఆవకాయ, గోంగూర పచ్చడి మాత్రం నీస్ చేరాయి.

నీస్‌లో ప్రైవేటు టెర్మినల్ చిన్నదే అయినా పాస్‌పోర్టు చెకింగ్ పూర్తిగా ఉంది. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతి ప్రకారం బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్ళ వేలిముద్రలు, ఫొటో తీసుకున్నారు. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు దాటితే రానివ్వరు, అందుకే వదినది ముందే రెన్యూ చేయించాం. ఇండియన్ పాస్‌పోర్టున్న బాబాయి వాళ్ళకి మాత్రం బ్రెగ్జిట్‌తో తేడా లేదు, యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా అప్పుడూ కావాలి, ఇప్పుడూ కావాలి.

బస విషయానికొస్తే, పాత నీస్ సందుల్లో ఇళ్ళు ముచ్చటగా ఉంటాయిగానీ మేం చూసినవాటికి లిఫ్టు లేదు. పెద్దవాళ్ళుంటే సముద్రపు ఒడ్డు హోటలే నయం, ఖరీదెక్కువైనా సరే. పారిస్‌లో గార్ దు నోర్ రైల్వే స్టేషన్ దగ్గర దిగాం. గదులు ఇరుకు, వీధి గోల. కానీ పక్కనే లా షపెల్‌లో శ్రీలంక తమిళుల హోటళ్ళలో వేడి ఇడ్లీ, సాంబారు దొరికాయి. పెద్దమ్మ ప్రాణం లేచొచ్చింది.

తిరుగు ప్రయాణం పారిస్ పక్కనున్న లె బూర్జె ఎయిర్‌పోర్టు నుంచి. పక్కనే ఉన్న విమానాల మ్యూజియంలో పిల్లలు ఒకప్పుడు శబ్దం కంటే వేగంగా ఎగిరిన కాంకార్డ్ విమానాలు రెండు చూశారు. టైముంటే అది వదలొద్దు. బ్రిటన్‌కి వెళ్ళే ప్రైవేటు విమానం వివరాలు, అందులో ఎక్కేవాళ్ళ వివరాలు అన్నీ బయల్దేరడానికి కనీసం 2 గంటల ముందు ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. ఇవ్వకపోతే 10,000 పౌండ్ల దాకా జరిమానా, ఇది 2024 ఏప్రిల్ నుంచి ఉంది. బాబాయి కొడుకు ఆఖర్న నేనూ లండన్ వస్తానన్నాడు. యూకే వీసా చేతిలో ఉంది కాబట్టి సరిపోయింది, ముందురోజు రాత్రే వాడి పేరు పంపించేశాం.