గైడులో హామిద్ వేరు, కథలో హామిద్ వేరు

పదో తరగతి హిందీ పరీక్ష కోసం పిల్లలకు కొనిపెట్టే ఆల్ ఇన్ వన్ గైడు మీద ఈ సమీక్ష. ఫలానా కంపెనీది అని కాదు. అట్టలు మారినా లోపల పాత్ర స్వభావం రాసే తీరు దాదాపు ఒకటే. దాన్ని తూచి చూడటానికి హిందీ రచయిత ప్రేమ్‌చంద్ కథ ‘ఈద్గాహ్’ తీసుకున్నాం. పండగ రోజు సంతకెళ్లిన హామిద్ అనే పేద పిల్లవాడు తనకేమీ కొనుక్కోకుండా, ఉన్న మూడు పైసలతో నానమ్మ అమీనాకు పట్టకారు కొని తెస్తాడు. తెలుగు రాష్ట్రాల పిల్లలు ఏళ్ల తరబడి పాఠంగా చదువుతున్న కథ ఇది.

గైడులో కఠిన పదాలకు తెలుగు అర్థాలు, వ్యాకరణం, పాత ప్రశ్నపత్రాలు ఒక్కచోట దొరుకుతాయి. హిందీ కూడబలుక్కుని చదివే పిల్లలకు అవి మంచి ఊతం. ఆ మేరకు కొనుక్కోవచ్చు.

పాత్రల దగ్గరికొచ్చేసరికి మాత్రం పనికిరాదు. ‘హామిద్ తెలివైనవాడు, త్యాగశీలి, నానమ్మంటే ప్రాణం’ అని మూడు ముక్కలు రాసి వదిలేస్తారు. ఇంకే కథలో మంచి పిల్లవాడి పేరు పెట్టినా అతికే మాటలవి. వాడు అలా ఎందుకు చేశాడో వాటిలో ఎక్కడా ఉండదు.

ఆ ఎందుకు అనేది కథలో డబ్బు లెక్కలోనే ఉంది. ఇంట్లో మిగిలింది రెండణాలు. మూడు పైసలు హామిద్ జేబులో, అయిదు అమీనా సంచిలో. అణాకు నాలుగు పైసలు, రూపాయికి పదహారణాలు అన్న పాత లెక్క చెప్పకపోతే, రూపాయికి వంద పైసలని నేర్చుకున్న పిల్లలకు ఈ వాక్యం అర్థమే కాదు. స్నేహితుడు మొహసిన్ దగ్గర పదిహేను పైసలున్నాయి. రంగులరాట్నానికి పైసా. హామిద్‌కి అది ఉన్నదాంట్లో మూడోవంతు. వాడు ఎక్కకపోవడం త్యాగం కాదు, లెక్క.

బేరం సంగతి ఇంకా ముఖ్యం. పట్టకారుకు దుకాణదారు మొదట ఆరు పైసలంటాడు, తర్వాత అయిదుకు దిగుతాడు. మూడుకిస్తావా అని అడిగి హామిద్ ముందుకు నడుస్తాడు. గైడు దీన్ని ‘బేరమాడటంలో నేర్పరి’ అంటుంది. కథలో ఉన్నది వేరు: దుకాణదారు కసురుకుంటాడేమో, అది వినకూడదని వాడు కదిలిపోయాడు. పని ఒకటే, కారణం పూర్తిగా వేరు. భయపడుతూనే అడిగిన ఆ పసివాడు గైడు జవాబులో ఎక్కడా లేడు.

పట్టకారు కొనడం వెనక కూడా ఒకే కారణం లేదు. పెనం మీద రొట్టెలు తీస్తూ నానమ్మ వేళ్లు కాల్చుకోవడం అసలు కారణం. దాంతో పాటు ఆమె దీవిస్తుందన్న ఆశ ఉంది, మిఠాయి చూపించి ఊరించి తామే తినేసిన స్నేహితుల మీద ఉక్రోషం ఉంది. మట్టి బొమ్మలు పడితే పగిలిపోతాయని తీసిపారేస్తూనే, ఒక్కసారి చేత్తో పట్టుకోవాలని ఉబలాటపడతాడు. వీటిని తీసేస్తే మిగిలేది పసివాడు కాదు, పటం కట్టిన మహాత్ముడు. మాకు అన్నిటికంటే బాధ కలిగించే లోపం ఇదే.

అమీనాదీ అదే కథ. పట్టకారు చూసి ముందు గుండె బాదుకుంటుంది: పొద్దుటి నుంచి తినక తాగక ఇదా తెచ్చింది! ఆ కోపం ఆకలితో ఉన్న పిల్లవాడి గురించే. గైడు ఆ కోపాన్ని వదిలేసి కన్నీళ్లకు దూకుతుంది. కోపం లేకపోతే ఆ కన్నీళ్లకు బరువెక్కడిది?

కొన్నవాళ్లు ఇలా వాడుకోండి. మొదట గైడు మూసి కథ రెండుసార్లు చదివించండి. రెండోసారి పెన్సిల్‌తో పాత్ర చేసిన పనుల కిందే గీతలు గీయమనండి, మరి దేనికీ వద్దు. ఒక్కో పనికి మూడు ప్రశ్నలు: అంతకు ముందు ఏం జరిగింది, చేతిలో ఏముంది, దేనికి భయపడ్డాడు లేదా ఏం కోరుకున్నాడు. నాలుగైదు పనులు చాలు. జవాబులో ఒక గుణం, దాన్ని చూపే సంఘటన, దాని కారణం వరసగా రావాలి. మాటలు తడుముకుంటే అప్పుడు గైడు తెరవచ్చు.

పిల్లలు ఎక్కువగా తప్పేది రెండుచోట్ల. కారణం అడిగితే నీతి రాస్తారు, లేదా కథంతా మళ్లీ చెబుతారు. ‘ఎందుకంటే’ అన్న మాటతో వాక్యం మొదలుపెట్టిస్తే రెండూ తగ్గుతాయి.

చేతిలో ఉన్నది కుదించిన పాఠమైతే మూల కథ కూడా దగ్గర పెట్టుకోండి. బేరం దగ్గరి భయం, మిఠాయి దగ్గరి ఉక్రోషం పాఠంలో ఉన్నాయో లేవో ముందు ఆ రెండు చోట్లే సరిచూడండి.