సీపీఎల్ దారిలో పన్నెండేళ్ళు: ఖమ్మం నుంచి కాక్‌పిట్ దాకా నా అనుభవం

ఏటా ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. మా మేనత్త ఆడపడుచు కూతురో, నాన్న పాత స్నేహితుడి కొడుకో పైలట్ అవుతానంటారు. పెద్దవాళ్ళ మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మొత్తం ఎంతవుతుందమ్మా?"

నేను 2013లో ఈ చదువులో చేరాను. 2016లో కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్, చేతికొచ్చింది. 2018లో ఎయిర్‌లైన్‌లో చేరాను. ఇప్పుడు ఎయిర్‌బస్ ఏ320 విమానంలో కుడి సీట్లో, అంటే కో-పైలట్‌గా, నాలుగు వేల గంటలు దాటాయి. పన్నెండేళ్ళు వాడి చూసిన దాని గురించి చెప్తున్నాను కాబట్టి నా తీర్పు ముందే చెప్పేస్తాను. చదువు మంచిదే. మన ఇళ్ళల్లో దాన్ని తలకిందులుగా మొదలుపెడుతున్నారు. ముందు ఫీజు కడతారు, తర్వాత పుస్తకం తెరుస్తారు, ఆఖరికి డాక్టర్ దగ్గరికి వెళ్తారు. వెళ్ళాల్సింది ముందు డాక్టర్ దగ్గరికి.

అర్హతల సంగతి రెండు ముక్కల్లో అయిపోతుంది. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి. బైపీసీ, సీఈసీ వాళ్ళు లేని సబ్జెక్టును ఎన్‌ఐఓఎస్ ఓపెన్ స్కూల్లో రాసి పాసవ్వచ్చు. స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు 16 ఏళ్ళు నిండాలి, సీపీఎల్‌కు 18, ఆ పైన కెప్టెన్ కావడానికి కావాల్సిన ఏటీపీఎల్ లైసెన్సుకు 21. లైసెన్సుకు డిగ్రీ అక్కర్లేదు. అయినా దూరవిద్యలో ఒకటి చేసి పెట్టుకోమంటాను, ఎందుకో తర్వాత చెప్తాను.

మెడికల్ రెండు మెట్లు. మొదటిది క్లాస్ 2, పైలట్ లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ గుర్తించిన డాక్టర్లు చేస్తారు, ఖర్చు వేలల్లోనే. తర్వాత క్లాస్ 1. నాది బెంగళూరులో ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో జరిగింది. రక్తం, ఈసీజీ, ఎక్స్‌రే, కళ్ళు, చెవులు, ముక్కు అన్నీ చూస్తారు. హిమోగ్లోబిన్ తక్కువుందని నాకు టెంపరరీ అన్‌ఫిట్ రాశారు. ఆ కాగితం పట్టుకుని రైల్లో ఏడుస్తూ ఇంటికొచ్చాను. అమ్మ మూడు నెలలపాటు ఐరన్ మాత్రలతో పాటు పొద్దున పల్లీపట్టి, మధ్యాహ్నం తోటకూరో గోంగూరో దగ్గరుండి తినిపించింది. రెండోసారి పాసయ్యాను.

నాది మందుతో తగ్గేది. మా బ్యాచ్‌లో ఒకబ్బాయిది అలాంటిది కాదు. రంగురంగుల చుక్కల మధ్య అంకెను గుర్తుపట్టాల్సిన ఇషిహారా పుస్తకంలో అతనికి కొన్ని పేజీల్లో అంకే కనపడలేదు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తనకు సరిగా తెలియడం లేదని పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా అతనికే తెలియదు. అప్పటికే స్కూలుకు మొదటి వాయిదా కట్టేశారు. ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి వాళ్ళ నాన్న ఏడాది పాటు తిరిగారు. ఆ పుస్తకం కంటి డాక్టర్ల దగ్గర ఉండేదే, పరీక్షకు పది నిమిషాలు పట్టదు. ముందే చూపించుకుని ఉంటే ఆ ఇంట్లో అంత బాధ ఉండేది కాదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కళ్ళద్దాలు ఉంటే పనికిరారన్నది మాత్రం అపోహ. అద్దాలతో చూపు సరిగ్గా వస్తే చాలు. డ్యూటీలో ఇంకో జత వెంట ఉంచుకోవాలి, అంతే.

రెండోది పుస్తకం. డీజీసీఏ పేపర్లలో ఎయిర్ నావిగేషన్, మెటియొరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్, టెక్నికల్ జనరల్, మనం నడిపే విమానం మీద టెక్నికల్ స్పెసిఫిక్. ప్రతి పేపర్‌లోనూ నూటికి 70 రావాలి. వీటికి తోడు రేడియోలో మాట్లాడేందుకు ఆర్‌టీఆర్. నేను రాసినప్పుడు ఆ పరీక్ష టెలికాం శాఖ కింద ఉండేది, 2025లో కొత్త చట్టం వచ్చాక డీజీసీఏ చేతికొచ్చింది. నేను బేగంపేటలో గది తీసుకుని ఎనిమిది నెలలు చదివాను. చాలామంది క్వశ్చన్ బ్యాంకులు బట్టీపట్టి గట్టెక్కుతారు. నేనూ రెగ్యులేషన్స్ అలాగే పాసయ్యాను, తర్వాత ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూ ముందు మళ్ళీ మొదటి నుంచి చదువుకోవాల్సి వచ్చింది. నావిగేషన్‌ను మాత్రం అర్థం చేసుకుని చదివాను. అదే నన్ను కాపాడింది.

సీపీఎల్‌కు మొత్తం 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు విమానం బాధ్యత మనదే అయి ఉండాలి. ఒంటరిగా కనీసం 300 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 555 కిలోమీటర్లు, మధ్యలో రెండు వేరే ఎయిర్‌ఫీల్డుల్లో దిగి రావాలి. ఆ ప్రయాణంలో నా చిన్న సెస్నా విమానంలో జీపీఎస్ లేదు. మోకాలి మీద మ్యాపు, చేతిలో గుండ్రటి స్లైడ్ రూల్. బయల్దేరిన 30 మైళ్ళకు కింద కనపడాల్సిన రైల్వే వంతెన కుడివైపు రెండు మైళ్ళ దూరంలో ఉంది. గుండె గుభేలుమంది. అప్పుడు క్లాసులో నేర్చుకున్న సూత్రం గుర్తొచ్చింది: 60 మైళ్ళకు ఒక మైలు పక్కకు జరిగితే ఒక డిగ్రీ తప్పినట్టు. 30కి రెండంటే 60కి నాలుగు. నాలుగు డిగ్రీలు ఎడమకు తప్పాను. వచ్చే 30 మైళ్ళలో మళ్ళీ దారిలో పడాలంటే ఎనిమిది డిగ్రీలు కుడికి తిప్పాలి. తిప్పాను. చెప్పిన టైముకు చెప్పిన చోట నది వంపు కనపడింది. బట్టీపట్టి పాసైతే ఆ రోజు ఏం చేసేదాన్నో ఊహించడానికి కూడా భయమేస్తుంది.

ఇక డబ్బు, ఫ్లయింగ్ స్కూలు. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లోను తీసుకున్నాం, ఎకరంన్నర అమ్మాం. నేను చేరిన స్కూలు పక్క రాష్ట్రంలో ఉంది. పేరు చెప్పను. చేరేటప్పుడు ఏడాదిలో లైసెన్సు అన్నారు, నాకు 26 నెలలు పట్టింది. కాగితం మీద ఐదు విమానాలు, నిజంగా ఎగిరేవి ఒకటో రెండో. ఒకసారి స్పేర్ పార్టు కోసం ఆరు వారాలు ఆగిపోయాం. మధ్యలో వానాకాలం, తర్వాత పొద్దుటి పూట పొగమంచు. హాస్టల్ మంచం మీద కూర్చుని రోస్టర్‌లో నా పేరు లేదని చూసుకునే రోజులే ఎక్కువ. ఫీజు మాత్రం ముందే కట్టించుకున్నారు. అందుకే ఎవరడిగినా ఒకటే చెప్తాను: స్కూలు బిల్డింగు చూడొద్దు. అక్కడి స్టూడెంటును క్యాంటీన్‌లో పట్టుకుని పోయిన నెల ఎన్ని గంటలు ఎగిరావని అడగండి. ఈ రోజు గాల్లోకి వెళ్ళగల విమానాలు ఎన్ని, ఇన్‌స్ట్రక్టర్లు ఎంతమంది, ఒక్కో విమానానికి పిల్లలు ఎంతమంది, లెక్కవేసుకోండి. ఫీజు గంటల ప్రకారం వాయిదాల్లో కడతామని రాతపూర్వకంగా ఒప్పించండి. 2025 నుంచి డీజీసీఏ స్కూళ్ళకు ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది, అవి కూడా చూడండి. మా రోజుల్లో అదీ లేదు.

అన్ని ఇబ్బందుల మధ్య కూడా మా ఇన్‌స్ట్రక్టర్ సర్ విషయంలో నాది మహా అదృష్టం. ఎయిర్‌ఫోర్స్‌లో రిటైరైన మనిషి. తెల్లవారుజామున రెక్కల కిందున్న వాల్వుల నుంచి చిన్న గాజు గ్లాసులోకి పెట్రోలు తీయించి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడమనేవారు. మా విమానాలు తాగే ఆవ్‌గ్యాస్ లేత నీలం రంగులో ఉంటుంది. నీళ్ళు చేరితే అడుగున రంగులేని బుడగలా నిలబడుతుంది. "గ్లాసంతా ఒకే రంగులో ఉందంటే అంతా పెట్రోలే అనుకోకు, అంతా నీళ్ళే అయినా ఒకే రంగులో ఉంటుంది, వాసన చూడు" అనేవారు. ఇప్పుడు పెద్ద విమానం చుట్టూ తిరిగి చూసేటప్పుడు కూడా ఆ గ్లాసే కళ్ళముందు ఉంటుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండలో నేను ఎగురుతానని పట్టుబట్టాను. సర్ కాగితం చేతికిచ్చి లెక్కవేయమన్నారు. మా రన్‌వే సముద్రమట్టానికి సుమారు వెయ్యి అడుగుల ఎత్తు. ఆ ఎత్తులో ప్రామాణికంగా ఉండాల్సిన ఉష్ణోగ్రత 13. ఉన్నది 30 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున 3600. అంటే ఇంజనుకు, రెక్కలకు సంబంధించినంతవరకు మేం 4600 అడుగుల ఎత్తున, అరకు కంటే ఎత్తైన చోట ఉన్నట్టే. గాలి పలచబడుతుంది, రన్‌వే మీద పరుగు పెరుగుతుంది, పైకి లేవడం నెమ్మదిస్తుంది. లెక్క పూర్తయ్యాక ఆ రోజు ఎగరనని నేనే చెప్పాను. సర్ తలూపి నాకు మజ్జిగ తెప్పించారు.

మొదటి సోలో కూడా ఆయన దయే. మూడు ల్యాండింగులు చేయించి, రన్‌వే పక్కన ఆపించి, తలుపు తీసుకుని దిగిపోయారు. ఆయన బరువు తగ్గేసరికి విమానం ఎప్పటికంటే ముందే లేచింది, ఎప్పటికంటే తొందరగా వెయ్యి అడుగులకు చేరింది. పక్క సీటు ఖాళీ. బెల్టు పద్ధతిగా కట్టేసి ఉంది. రేడియోలో నా గొంతు నాకే కొత్తగా వినపడింది. దిగేటప్పుడు తేలికైన విమానం రన్‌వే మీద కాసేపు తేలింది, ఓపికపట్టి దింపాను. ఆ ఎనిమిది నిమిషాలు నా లాగ్‌బుక్‌లో 0.1 అని రాసి ఉన్నాయి.

లైసెన్సు వచ్చిందంటే ఉద్యోగం వచ్చినట్టే అనుకునేవాళ్ళకు చెప్పాల్సింది ఇక్కడుంది. నా దారిలో అన్నిటికంటే కష్టమైనవి 2016 నుంచి 2018 దాకా గడిచిన రెండేళ్ళు. 200 గంటల లైసెన్సు వరసలో నిలబడే అర్హత మాత్రమే ఇస్తుంది. ఆ వరసలో ఉన్నంత కాలం ఏటా మెడికల్, బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌కు ఏటా జరిగే చెక్ కోసం మళ్ళీ విమానం అద్దెకు తీసుకోవడం, ఆ ఖర్చంతా మనదే. పక్కన బ్యాంకు ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది. నేను హైదరాబాద్‌లో జూనియర్లకు మెటియొరాలజీ క్లాసులు చెప్పి నెట్టుకొచ్చాను. పెళ్ళిళ్ళకు వెళ్తే "ఇంకా ఏ కంపెనీ తీసుకోలేదా?" అని అడిగేవాళ్ళు. నాన్న ఒక్కసారి కూడా అడగలేదు. ఒకరోజు బేగంపేట మీదుగా బండి మీద పోతుంటే మాత్రం, ఎప్పుడో పాత రోజుల్లోనే ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ ఎన్నో కంపెనీలు వద్దన్నాక ఇక్కడి డెక్కన్ ఎయిర్‌వేస్‌లోనే పైలట్‌గా చేరిందంట బిడ్డా అన్నారు. ఎక్కడో చదివి గుర్తుపెట్టుకున్నారు. నాకు మాట రాలేదు.

2018లో సెలక్షన్ అయ్యాక ఏ320 టైప్ రేటింగ్‌కు, అంటే ఆ రకం విమానం నడిపే అర్హత కోసం చేసే శిక్షణకు, ఇంకో 20 లక్షల దాకా అయింది. లెక్క వేసుకునేటప్పుడు చాలామంది దీన్ని మర్చిపోతారు. ఇప్పుడు ఒక్క సీపీఎల్‌కే 50, 60 లక్షలు అడుగుతున్నారు, ఎయిర్‌లైన్లే స్కూళ్ళతో కలిసి నడిపే క్యాడెట్ ప్రోగ్రాములైతే కోటి దగ్గరో ఆపైనో. అమెరికాలో చేసిన నా స్నేహితురాలికి గంటలు త్వరగా పూర్తయ్యాయి. కానీ ఇక్కడికొచ్చి మళ్ళీ పరీక్షలు రాసి, లైసెన్సు మార్పించుకునేసరికి మిగిల్చుకున్న టైములో సగం పోయింది.

టైప్ రేటింగ్ మాత్రం పెట్టిన ప్రతి రూపాయికీ న్యాయం చేసింది. సిమ్యులేటర్‌లో వీ1 వేగం దాటిన క్షణంలో ఒక ఇంజను ఆపేస్తారు. వీ1 అనగానే కెప్టెన్ చెయ్యి థ్రస్ట్ లీవర్ల మీద నుంచి తీసేస్తారు, ఇక ఆగే మాట లేదు, ఎగరాల్సిందే. విమానం ఒక పక్కకు లాగుతుంది, కాలితో రడ్డర్ తొక్కి నిలబెట్టాలి. మొదటిసారి నా తొడ వణికింది. ఇప్పటికీ ఆరు నెలలకోసారి ఆ పరీక్ష ఉంటుంది. టెన్షన్ పోలేదు, పోకూడదని కూడా అనుకుంటున్నాను.

డిగ్రీ సంగతి చెప్తానన్నాను కదా. 2020 మార్చి 25న దేశీయ విమానాలు ఆగిపోయాయి, మళ్ళీ మే 25న మొదలయ్యాయి. మొదలయ్యాక కూడా చాలా నెలలు సగం జీతమే. నాతోపాటు చేరినవాళ్ళలో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. డిగ్రీ ఉన్న అమ్మాయి ఇంకో కొలువు చూసుకుని ఏడాది గడిపి తిరిగొచ్చింది. రెండో అబ్బాయి చేతిలో ఇంటర్ సర్టిఫికెట్, ఎగరలేని లైసెన్సు మాత్రమే ఉన్నాయి. 2023లో మన ఎయిర్‌లైన్లు వందల కొద్దీ విమానాలు ఆర్డర్ చేశాయన్న వార్త చూపించి, ఇక భయం లేదంటారు. విమానాలు ఏళ్ళ తరబడి విడతలుగా వస్తాయి. బ్యాంకు వాయిదా ప్రతి నెలా ఐదో తారీఖున వస్తుంది.

నా లోను 2024లో తీరింది. 1500 గంటలు దాటాక పరీక్షలు రాసి ఏటీపీఎల్ తెచ్చుకున్నాను, కెప్టెన్ కావడానికిచ్చే కమాండ్ ట్రైనింగ్‌కు నా వంతు కోసం చూస్తున్నాను. తెల్లవారుజామున శంషాబాద్ నుంచి తూర్పుకు లేచినప్పుడు సూర్యుడు ఎదురుగా వస్తాడు, ఆ రోజు ఇంకేమీ గుర్తుకురాదు. మళ్ళీ మొదటి నుంచి చేయమన్నా చేస్తాను, వరస మాత్రం మారుస్తాను.

పోయిన వారం వైరా నుంచి ఒక పిన్ని ఫోన్ చేసింది. కూతురు ఎంపీసీ సెకండియర్, కళ్ళద్దాలున్నాయి, స్కూలువాళ్ళు ఈ నెలాఖరులోగా అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ అన్నారట. "కట్టొద్దు పిన్నీ" అన్నాను. హైదరాబాద్‌లో క్లాస్ 2 చేసే డాక్టర్ ఎక్కడుంటారో చెప్పాను. గురువారం తీసుకెళ్తానంది. ఆ కాగితం చేతికొచ్చాక ఫోన్ చేయమన్నాను, మిగతాది అప్పుడు మాట్లాడుకుంటాం.