ఎనిమిది వేల అడుగుల ఎత్తులో మా ఆర్‌వీ ఫ్రిజ్

మా ఆర్‌వీ, అంటే పడకా వంటిల్లూ ఉన్న మోటార్‌హోమ్, ఎలా ఉందని ఎవరడిగినా ఇన్నాళ్లూ ముందు ఫ్రిజ్ గురించే చెప్పేవాణ్ని. కంప్రెసర్ లేదు, చప్పుడు లేదు, హుకప్ (క్యాంప్‌గ్రౌండ్‌లో బండికి ఇచ్చే కరెంటు, నీళ్ల కనెక్షన్) లేని చోట కూడా ప్రొపేన్ మీద రోజుల తరబడి నడుస్తుంది. పాలు, పెరుగు, కూరలు అన్నీ ఇంట్లో ఉన్నట్టే ఉండేవి. అదంతా నిజమే. కాకపోతే అప్పటిదాకా మేం ఎక్కువగా తిరిగింది కాలిఫోర్నియా తీరం వెంబడే. సముద్రం పక్కన చల్లటి గాలిలో, సమతలంగా ఉన్న సైట్లలో ఏ ఫ్రిజ్ అయినా మంచి పేరు తెచ్చుకుంటుంది.

ఇంజన్, మైలేజీ, పడకల గురించి రాయడం లేదు. ఈ సైజు మోటార్‌హోమ్‌లన్నీ ఇంచుమించు ఒకటే.

పోయిన అక్టోబర్‌లో దక్షిణ యూటా బయల్దేరాం. అమ్మ కూడా వచ్చింది. అమ్మ ఇన్సులిన్ వాడుతుంది. వాడుతున్న పెన్ను బయట ఉన్నా నాలుగు వారాలు పనికొస్తుంది గానీ, విప్పని పెన్నుల డబ్బా మాత్రం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఎట్టి పరిస్థితిలోనూ గడ్డకట్టకూడదు. లాస్ వేగస్‌లో సరుకులు నింపుకుని ఐ-15 ఎక్కాం. అది రెండు వేల అడుగుల ఊరు. అక్కణ్నుంచి సీడర్ సిటీ దాటి, హైవే 20 మీదుగా పాంగ్విచ్ వైపు వెళ్తుంటే రోడ్డు ఎక్కుతూనే ఉంటుంది. బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్కు చేరేసరికి దాదాపు ఎనిమిది వేల అడుగులు. పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్లలో హుకప్‌లు లేవు. మాకు అదేం కొత్త కాదు కాబట్టి ఫ్రిజ్‌ను గ్యాస్ మీదకి మార్చి, చీకటి పడకముందే అక్కడి ఎర్రటి హూడూలు (రాతి స్తంభాలు) చూడ్డానికి వెళ్లిపోయాం.

రాత్రి భోజనాలప్పుడు మొదలైంది. ఫ్రిజ్ వెనకనుంచి టక్ టక్ టక్ అని మంట వెలిగించే ఇగ్నైటర్ కొట్టుకోవడం, కాసేపు ఆగడం, మళ్లీ టక్ టక్. చివరికి ముందు ప్యానెల్ మీద ఎర్ర లైటు. ఆపి ఆన్ చేస్తే వెలుగుతుంది, పది నిమిషాలకి మళ్లీ అదే కథ. టార్చి పట్టుకుని బయటికెళ్లి, పక్కనున్న వెంట్ మూత తీసి చూశాను. ఎప్పుడూ పొట్టిగా, నీలంగా, నిటారుగా నిలబడే మంట పసుప్పచ్చగా సాగి ఊగుతోంది. చిన్న గాలి తగిలితే చాలు, ఆరిపోతోంది. ఆ సందులో వేలు పెడితే మసి అంటింది.

ఈ రకం ఫ్రిజ్‌లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. కింద మంట వేడికి అమ్మోనియా ఆవిరై పైకెళ్తుంది, చల్లబడి ద్రవమవుతుంది, మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది, తర్వాత నీళ్లలో కలిసి కిందికి దిగుతుంది. పంపూ మోటారూ ఏమీ ఉండవు, అంతా ఆ చిన్న మంట మీదే ఆధారం. అందుకే బండి వాలుగా ఆగితే దీనికి పడదు. ఎత్తుకెళ్తే గాలి పలచనై ఆక్సిజన్ తగ్గుతుంది, గ్యాసేమో అంతే వస్తుంది, మంట సరిగా కాలదు. 5,500 అడుగులు దాటితే గ్యాస్ మీద బర్నర్ ఆరిపోవచ్చని, కూలింగ్ తగ్గొచ్చని మాన్యువల్‌లో ఒకే ఒక్క లైను ఉంది. బండి అమ్మినవాళ్లు సైడు పందిరి ఎలా విప్పాలో అరగంట చూపించారు గానీ ఈ ముక్క మాత్రం చెప్పలేదు. నా కోపమంతా అక్కడే. పడమటి రాష్ట్రాల్లో బండి కొనేవాడు ఎత్తుకి వెళ్లకుండా ఎక్కడికి వెళ్తాడు?

తెల్లారేసరికి ఫ్రిజ్‌లో 13 డిగ్రీలు. బయట సున్నా. లోపల మేం చలికి హీటర్ వేసుకుని పడుకున్నాం మరి. అమ్మ తలుపు తీసి, గిన్నె వాసన చూసి, "ఏరా, బయట నీళ్లు గడ్డకడుతున్నాయి, లోపల పెరుగు పులిసిపోయింది, ఇదేం ఫ్రిజ్‌రా?" అంది. ఆ ప్రాంతం అలాంటిదే. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులు ఏడాదిలో దాదాపు సగం ఉంటాయి, హూడూలను చెక్కింది ముఖ్యంగా ఆ మంచే. కానీ ఆ చలి మా ఇన్సులిన్ డబ్బాకి ఎలా పనికొస్తుంది? బయట పెడితే గడ్డకడుతుందని భయం, లోపల పెడితే వేడి. పైగా తిండి సామాన్లు బయట వదలకూడదని పార్కు రూలు. చివరికి బండి కింద సామాన్ల అరలో, తువ్వాలు చుట్టి, పక్కన థర్మామీటర్ పెట్టి, గంటగంటకీ వెళ్లి చూశాను. 5, 4, 6. ఫ్రిజ్ చెయ్యాల్సిన పని సామాన్ల అర చేసింది. ఆ టెన్షన్‌లో సూర్యోదయం చూశానంటే చూశాను.

మంచి మాట చెప్పాల్సింది జనరేటర్ గురించి. దాని మీద నాకు పెద్ద ఆశ లేదు. వెయ్యి అడుగులకి సుమారు 3.5 శాతం చొప్పున శక్తి తగ్గుతుందంటారు, అంటే బ్రైస్‌లో పావు వంతు పైనే పోయినట్టు. దానికి ఎత్తుని బట్టి తిప్పే చిన్న నాబ్ ఉంది. అది సరిచేసి పగలు నడిపితే ఫ్రిజ్ కరెంటు మీద చక్కగా చల్లబడింది. కరెంటుకి ఎత్తుతో పనిలేదు కదా. రాత్రి మాత్రం జనరేటర్ వేయనివ్వరు.

తర్వాత హైవే 12 పట్టుకుని ఎస్కలాంటే మీదుగా వెళ్లాం. బౌల్డర్ కొండ మీద 9,600 అడుగుల దగ్గర గ్యాస్ ఆపేసి, మంట మీద ఆశ వదిలేశాను. కాపిటల్ రీఫ్ పార్కులో ఫ్రూటా క్యాంప్‌గ్రౌండ్‌కి దిగాక అది 5,500 అడుగులు. స్విచ్ వేయగానే నీలం మంట. మళ్లీ ఒక్కసారి కూడా ఆరలేదు. కావాలని నన్ను ఏడిపించడానికే చేసినట్టుంది.

తిరిగొచ్చాక లాస్ వేగస్‌లో ఒక సర్వీస్ షాపులో చూపించాను. మసి దులిపారు, బర్నర్ శుభ్రం చేశారు, "పర్ఫెక్ట్‌గా ఉంది" అని బిల్లు చేతిలో పెట్టారు. రెండు వేల అడుగుల దగ్గర పర్ఫెక్ట్‌గానే ఉంటుంది మరి!

ఇప్పుడు ఈ ఫ్రిజ్ బాగాలేదని అంటానా? అనలేను. హుకప్‌లున్న ఆర్‌వీ పార్కుల్లో దిగేవాళ్లకి ఈ గొడవే తెలియదు. బ్రైస్ గేటు బయటే అలాంటి పార్కులున్నాయి. మాకు పార్కు లోపల, చెట్ల మధ్య ఉండటం ఇష్టం, పైగా అమ్మ మందులు, అందుకే ఇంత బాధ. బ్రైస్‌లో కూడా గ్యాస్ మంట నిలిచిందనేవాళ్లూ ఉన్నారు. గాలి లేని రోజైతే మాదీ నిలిచేదేమో. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ బిగించుకుందామంటే లిథియం బ్యాటరీలు, ఇంకా సోలార్ ప్యానెళ్లు కావాలి, అంత డబ్బు ఇప్పట్లో పెట్టే ఉద్దేశం లేదు. ప్రస్తుతానికి ఇన్సులిన్‌కీ పాలకీ చిన్న 12 వోల్టుల కూలర్ పెట్టె కొన్నాం. సోఫా కింద గుర్రుమంటూ ఉంటుంది, నిశ్శబ్దం గురించి నేను కొట్టిన డప్పు దాంతో పోయింది.

వచ్చే ఏడాది నెవాడాలో గ్రేట్ బేసిన్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. అక్కడ వీలర్ పీక్ క్యాంప్‌గ్రౌండ్ పదివేల అడుగులకి దగ్గర్లో ఉంది, కానీ ఆ పై రోడ్డు మీదకి 24 అడుగులు దాటిన బండ్లని పోనివ్వరు. మాది 28. కింద అప్పర్ లేమన్ క్రీక్‌లో దిగాలి, అది కూడా ఏడు వేల అడుగుల పైనే. కాబట్టి గుర్రుమనే పెట్టె వెంట రావాల్సిందే.